జానెడు సందు

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల ముందు కూర్చున్న రెబెక్కా, విరగని గుండ్లు ఒక పక్కకీ బద్దలు ఒక పక్కకీ తోసేస్తూనే ఎడమచేత్తో ఒళ్ళో ఉన్న ఫోను నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి అలిసిపోయి ఆగింది. కెమెరా అందుబాటులో లేదు అని ఎర్రక్షరాలు వచ్చాయి.

"మళ్ళీ పోనాది," అంది పైకే.

పక్కన కూర్చున్న ఉమామహేశ్వరి తలెత్తకుండానే, "మీ ఆయనకి ఫోన్ సెయ్యి," అంది.

"సంచి మార్సుకునే టైమిది. సేతులు కడుక్కుని మాస్కు కట్టేసుంటాడు. ఫోన్ ముట్టుకోకూడదు."

అదీ సంగతి. రెబెక్కా మొగుడు లాజరుకి కిడ్నీలు రెండూ పోయి రెండేళ్ళయింది. ఉద్దానంలో ఈ మాట చెబితే జనం అయ్యో అనరు, ఎక్కడ చూపిస్తున్నారు అని అడుగుతారు. అంత మామూలైపోయింది. కొందరు వారానికి మూడుసార్లు ఆస్పత్రికెళ్ళి మిషను పక్కన పడుకుంటారు. లాజరుకి మాత్రం డాక్టర్లు పొట్టకి చిన్న గొట్టం అమర్చి, ఇంట్లోనే చేసుకునే పద్ధతి నేర్పారు. రోజుకి నాలుగుసార్లు, లోపలున్న పాత నీళ్ళు దింపేసి, రెండు లీటర్ల మందు నీళ్ళ సంచి కొక్కేనికి తగిలించి ఎక్కించుకోవాలి. పొద్దుటి సంచీ రాత్రి సంచీ రెబెక్కా దగ్గరుండి చూస్తుంది. పదకొండింటిదీ నాలుగింటిదీ అతనొక్కడే చేసుకోవాలి.

పోయిన వానాకాలంలో ఆ పదకొండింటి సంచి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయాడు. సాయంత్రం రెబెక్కా సుమ్మాదేవి స్టేషనులో దిగి ఇంటికి చేరేదాకా గచ్చు మీదే ఉన్నాడు. దేవుడి దయవల్ల బతికాడు. "బైబిల్లో సమాధిలోంచి లేచొచ్చినవాడి పేరున్నవాడు లేవకుండా ఎలా ఉంటాడమ్మా" అని పాస్టరుగారు నవ్వించబోయారు గానీ ఆమెకి నవ్వు రాలేదు. ఆ ఏడు గంటలూ అతను ఒంటరిగా నేల మీద పడి ఏమనుకున్నాడో అని తల్చుకుంటే ఆమెకి ఈ రోజుకీ అన్నం దిగదు. అందుకే కెమెరా కొంది. దొంగలు పడతారని కాదు. ఆ ఇంట్లో దొంగలకి పనికొచ్చేది ఏముంది గనక!

లాజరు మొదట్లో ఒప్పుకోలేదు. "నానేటి దొంగనేటే, కెమెరా ఎట్టడానికి?" అన్నాడు. తర్వాత ఒప్పుకుని దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాడు. పొద్దల్లా గుడ్లప్పగించి చూస్తుంది, ఒక్క ముక్క మాట్లాడదు, అచ్చం మీ అమ్మే అని వెక్కిరించేవాడు. పోయిన ఆవిడని అలా అనకూడదని రెబెక్కా కసిరేది, కసిరి లోపలికెళ్ళి నవ్వుకునేది.

ఇప్పుడా అత్తగారు కళ్ళు మూసేసింది. అదీ ఎప్పుడు? ఫ్యాక్టరీ మేనేజరు కూర్మయ్యగారు సోమవారంనాడు రెబెక్కాని పిలిచి, "ఇరవై రెండేళ్ళుగా బల్ల దగ్గర కూకున్నావు, ఇక లే. ఈ హాలుకి నువ్వే మేస్త్రివి. కానీ మధ్యలో ఇంటికి పరుగులు కుదరవు. శనివారానికి మాట సెప్పు," అన్న వారంలో. ముప్పై మంది ఆడవాళ్ళ మీద మేస్త్రి! ఆ హాల్లో ఇంతవరకూ మగవాళ్ళే మేస్త్రులు. రెబెక్కాకి లోపల ఎంత ఆశగా ఉందో ఆమెకే తెలుసు. కెమెరా నిలబడితే ఒప్పుకోవాలనుకుంది. నిలబడకపోతే మేస్త్రిపని మాట అటుంచి, ఉన్న పనే మానేసి ఇంట్లో కూర్చోవాలనుకుంది. గుండె గుప్పిట్లో పెట్టుకుని జీడిపప్పు ఏరడం ఇక ఆమె వల్ల కాదు.

పక్కింటి రాజులమ్మకి ఫోన్ చేసింది. రాజులమ్మ ఈ పనికి అలవాటుపడిపోయి హలో కూడా అనదు.

"సూసొచ్చినాను. కిటికీలోంచి సూసినాను. బతికే ఉన్నాడు. సంచీ పెట్టుకుని పేపరు సదువుతున్నాడు. ఇందాక నాకేసి సూసి మాస్కులోంచే ఏటో తిట్టినాడు కూడాను. పెట్టేస్తన్నాను, పొయ్యి మీద పులుసున్నాది."

రెబెక్కా ఊపిరి పీల్చుకుంది. ఊపిరి తీసుకున్నాక కోపం వచ్చింది.

కోపానికి కారణం లేకపోలేదు. మూడు నెలల క్రితం కెమెరా ఇలాగే పోతుంటే టెక్కలి నుంచి తారకేశ్వరరావుని పిలిపించింది. కెమెరాలు బిగించే మనిషి. అతనొచ్చి చూస్తే తేలిందేమిటంటే, సంచి మార్చేటప్పుడు దుమ్ము లేవకుండా ఫ్యాను కట్టెయ్యమని నర్సు చెప్పింది కదా, లాజరు ఫ్యానొక్కటే ఎందుకని బోర్డు మీదున్న మీటలన్నీ కట్టేస్తున్నాడు. వైఫై డబ్బా ప్లగ్గూ ఆ బోర్డులోదే. తారకేశ్వరరావు దాన్ని టీవీ ప్లగ్గులోకి మార్చి వెళ్ళాడు. కెమెరా చక్కగా పనిచేసింది. నెల తిరిగేసరికి మళ్ళీ పోయింది. పది పన్నెండు రోజులకి దానంతటదే బాగుపడింది. ఆ తర్వాతి నెలా అంతే. ఇదిగో, ఇప్పుడు మళ్ళీ పోయింది.

అంటే ఏమిటి? మనిషే ఆపుతున్నాడు. రెబెక్కాకి ఇంకో అర్థం దొరకలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! రైలు దిగి ఇంటికి నడిచేలోపు ఆ భూతానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి.

"నువ్వే ఆపుతున్నావు," అంది గుమ్మంలోనే.

"నాను ముట్టుకోనేదే."

"మరెవురు ముట్టుకున్నారు, మా అమ్మ లేచొచ్చి ఆపిందేటి? నాను సూడ్డం నీకిట్టం నేదు. ఇట్టం నేకపోతే నేదని నోరిప్పి సెప్పేయ్. అబద్దాలొద్దు."

"అబద్దం కాదే. ఒట్టు."

"నీ ఒట్టు నాకొద్దు. నీ మాట నాను నమ్మను మావా."

లాజరు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో ఇద్దరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు గానీ ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. రెబెక్కా ఆమేన్ కూడా అనకుండానే లేచిపోయింది.

శుక్రవారం ఆమె ఒంటిపూట సెలవు పెట్టి తారకేశ్వరరావుని మళ్ళీ పిలిచింది. నలభై దాటిన మనిషి. భావనపాడులో పుట్టి, పదిహేనేళ్ళు పడవ మీద వేటకెళ్ళి, భుజం జారాక వలలు ఒగ్గేసి ఈ వైర్ల పనిలోకొచ్చాడు. బండి స్టాండు వేస్తూనే, "అక్కా, మళ్ళీ ఏటయింది? ఏం బావా, బాగున్నావా?" అన్నాడు. బావ బాగున్నానని గోడతో చెప్పాడు.

తారకేశ్వరరావుకి ఇంట్లో వాతావరణం అర్థమైపోయింది. తలదూర్చకుండా తన పని చూసుకున్నాడు. ముందు గదిలో టీవీ బల్ల మీదున్న వైఫై డబ్బా పక్కన ఫోను పెడితే గీతలు నిండుగా ఉన్నాయి. వెనక గదిలోకి, కెమెరా ఉన్న గూటి దగ్గరకి వెళ్తే ఒక్క గీత వెలిగి, అదీ ఆరిపోయింది. డబ్బా ఆపి వెలిగించాడు. కెమెరాని మళ్ళీ మొదట్నుంచీ జత చేశాడు. పిన్ను మార్చాడు. సొంత సంచిలోంచి కొత్త కెమెరా తీసి అక్కడే పెట్టి చూశాడు. అదీ గుడ్డిదే.

"కెమెరా మంచిదే అక్కా. డబ్బా మంచిదే. మద్దిలో ఏటో మింగేత్తన్నాది."

"మద్దిలో ఏటున్నాది, గోడే కదా. పోయిన నెలా అదే గోడ."

"ఏయే రోజులు పోనాది, గురుతున్నాదా?"

గురుతుండడమేమిటి, రాసి పెట్టింది. గోడకున్న చర్చి సంఘం క్యాలెండరు దింపి ఇచ్చింది. కెమెరా పోయిన రోజల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టింది. మొగుడి మీద సాక్ష్యం కోసమే పెట్టింది, దాచడం దేనికి! తారకేశ్వరరావు మూడు నెలలూ తిరగేసి చూశాడు. ఐదో తారీకు నుంచి ఇంటూలు వరసగా ఉన్నాయి. పదిహేను దాటాక ఒకటీ అరా. ఇరవై తర్వాత ఒక్కటీ లేదు.

"ఇదేటక్కా, సంద్రంలాగ పోటూ పాటూనా?" అన్నాడు. "నెల మొదట్లో పోటు, నెలాకరికి పాటు. మనిసి ఆపితే ఇంత వరస రాదు. ఐదో తారీకుకి మీ ఇంట్లో ఏటవుతాది?"

రెబెక్కా ఆలోచించింది. ఐదో తారీకున ఏమీ కాదు. పండగా లేదు, పబ్బమూ లేదు. లాజరే గోడవైపు నుంచి చెప్పాడు.

"పెట్టెలొత్తాయి."

"ఏ పెట్టెలు బావా?"

"అవే. నీ ఎనకున్నాయి."

తారకేశ్వరరావు వెనక్కి తిరిగాడు. రెండు గదుల మధ్య గోడకి ఆనించి అట్టపెట్టెల దొంతర ఉంది. వరసకి నాలుగు, ఎత్తు ఐదు. కింద చెక్క పలక. అంచుకి అంచు కలిసి, మూలకి మూల అతికి, గోడకి ముందు ఇంకో గోడ కట్టినట్టుంది. వేలితో నొక్కి చూశాడు. కదల్లేదు.

"ఈటిలో ఏటున్నాయి?"

"మందు నీళ్ళు. నెలకి సరిపడా సంచులు," అంది రెబెక్కా.

తారకేశ్వరరావు నుదురు కొట్టుకున్నాడు. "నీళ్ళు! ఓలమ్మ, ఇంత సంద్రం ఇంట్లో ఎట్టుకుని నన్నడుగుతావేటక్కా! మేం వేటకెల్లినప్పుడు మా అయ్య పోతురాజు ఒక పడవలో, నాను ఒక పడవలో. సేతిలో వాకీటాకీలు. మాట బాగానే అందేది. నడిమిన పెద్ద కెరటం లేచిందంటే మాత్రం పుటుక్కుమని తెగిపోయేది. కెరటం దిగితే మళ్ళీ అందుకునేది. నీళ్ళు మాటని మింగేత్తాయిరా అనీవోడు మా అయ్య. ఇదీ అలగే. సంచులు అవగొట్టే కొద్దీ కెరటం దిగుతాది, బొమ్మ కనబడతాది. కొత్త పెట్టెలు రాగానే మళ్ళీ లేత్తాది."

రెబెక్కా నమ్మలేదు. తారకేశ్వరరావు ఆమె చేతిలో ఫోను పెట్టి, పై వరస పెట్టెలు నాలుగూ దింపాడు. చక్రం తిరుగుతూనే ఉంది. రెండో వరస దింపాడు. చక్రం ఆగింది. మసకగా గది కనిపించింది. మూడో వరస దింపేసరికి కుర్చీ, కొక్కెం, కుర్చీలో ముఖం మాడ్చుకున్న లాజరు, అన్నీ తేటగా వచ్చేశాయి.

ఆమె ఫోనులోని లాజరుని చూసింది. ఎదురుగా ఉన్న లాజరుని చూడ్డానికి ధైర్యం చాల్లేదు. రెండ్రోజుల క్రితం అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆమె చెంపనే కొట్టాయి.

లాజరు మాత్రం వాటి సంగతి మర్చిపోయాడు. అతని కళ్ళు కింద ఎడాపెడా పడున్న పెట్టెల మీదున్నాయి. "ఏటయ్యా ఆ దింపడం! వరస సెడగొట్టీసినావు. మూల నలిగితే లోపల సంచి పాడయిపోద్ది, తెలీదేటి?"

"ఏం దొంతర బావా ఇది! వెంట్రుక దూరదు. ఎవురు పేర్సినారు?"

"ఎవురేటి, నానే. ఇరవై ఆరేళ్ళు జీడి గోడౌన్లో మేస్త్రిని. నా దొంతర్లో సందుండదు. సందుంటే ఎలక దూరుద్ది, ఎలక దూరితే..."

అక్కడాగాడు. ఆగడం ఆలస్యమైపోయింది.

రెబెక్కా ఫోను పక్కన పెట్టింది. "పెట్టెలు రాజులమ్మ అల్లుడు పేరుత్తాడన్నావు."

లాజరు కిందున్న పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"బరువు ఎత్తకూడదని డాక్టరు సెప్పినాడా నేదా? పొట్టలో గొట్టం పెట్టుకుని, ఒక్కోటీ పన్నెండు కేజీలు, ఇరవై పెట్టెలు ఎత్తినావా మావా? మూడు నెలల్నుంచీ?"

"ఐదు నెలలు," అన్నాడు లాజరు. అబద్ధం చెప్పనని నిరూపించుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం అతనికి దొరకలేదు కాబోలు. "ఒక్కసారే కాదే. రెండేసి ఎత్తి, కూకుని, మళ్ళీ రెండేసి."

తారకేశ్వరరావు తన బండిలో ఏదో మర్చిపోయానని బయటికెళ్ళాడు.

రెబెక్కాకి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండిటిలో ఏది ముందో తేల్చుకోలేక కుర్చీ పక్కన గచ్చు మీద కూలబడింది. "నువ్వు పోతే నాకెవురున్నారు? ఆ మాటైనా అనుకోనేదా?"

"అనుకున్నాను." లాజరు గొంతు తగ్గింది. "నువ్వు పొద్దున్నెల్లి రైలెక్కుతావు, పని సేత్తావు, వత్తావు. నాను సంచి తగిలించుకుని కూకుంటాను. నెలకి ఇరవై తొమ్మిది రోజులు జబ్బోణ్ణి. పెట్టెలొచ్చిన రోజు ఒక్కరోజు మేస్త్రినే. ఆ ఒక్కరోజు కోసం నెలంతా సూత్తాను. నువ్వొద్దంటావని సెప్పనేదు. తప్పే."

 మేస్త్రి అని ఎవరైనా పిలిస్తే ఎలా ఉంటుందో ఈ వారమంతా ఆమెకీ తెలుసు.

కొంగుతో ముఖం తుడుచుకుని, "నిన్ను అనుమానించినాను. నాదీ తప్పే," అంది. తర్వాత, "మావా, గోడౌన్లో నువ్వు బస్తాలు మోసినావేటి?" అని అడిగింది.

"మోసేవోళ్ళు వేరే. నాను సెప్పేవోణ్ణి. మేస్త్రి మొయ్యడు, మోయిత్తాడు."

"మరి ఇప్పుడెందుకు మోత్తన్నావు?"

లాజరుకి తన మాట తన మెడకే చుట్టుకుంది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండ్రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడేసరికి, బండిలో ఏదీ వెతకని తారకేశ్వరరావు లోపలికొచ్చాడు.

అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. వైఫై డబ్బా వెనక గదిలోకి మార్చాలంటే కేబులతను రావాలి, అతను వారానికి గానీ రాడు. కెమెరా కదిపితే కుర్చీ కనపడదు. పెట్టెలు అవతలి గోడకి పెడదామంటే ఆ గోడకి చెమ్మ దిగుతుంది. ఉన్నది ఒకటే దారి. దొంతర మధ్యలో, డబ్బాకీ కెమెరాకీ తిన్నగా, సందు వదలాలి.

"సందా?" అన్నాడు లాజరు, సంఘంలో బూతుమాట విన్నట్టు. "నా దొంతర్లో సందా? నడిమిన సందొగ్గితే పైవి కూలిపోతాయి."

"ఏదో ఒకటి అడ్డెట్టు బావా."

"ఏదో ఒకటి ఎడితే ఏదో ఒకలాగే ఉంటాది. ఉండు." లేచి, గోడ ముందు నిలబడి, టీవీ బల్ల ఎత్తు ఎంతో చేత్తో కొలిచాడు. కళ్ళు చిన్నవి చేశాడు. ఆ చూపు రెబెక్కా గుర్తుపట్టింది. పెళ్ళయిన కొత్తలో అన్నం క్యారేజీ తీసుకుని గోడౌనుకి వెళ్ళినప్పుడు, అంత పెద్ద గోడౌను మధ్యలో నిలబడి అతను బస్తాలని అలాగే చూసేవాడు. "కింద రెండు వరసలు మామూలే. మూడో వరసలో మూడే పెట్టెలు, ఆ నడిమిన జానెడు ఒగ్గాల. దాని మీద పెట్టె అడ్డంగా, గుమ్మం మీద దూలం లాగ. మిగిలినయ్యి రెండు సివర్లా సమంగా. రాజులమ్మోయ్! అల్లుణ్ణి తీసుకురా!"

అరగంట పట్టింది. తారకేశ్వరరావూ రాజులమ్మ అల్లుడూ మోశారు. లాజరు కుర్చీలోంచి ఒక్క అంగుళం లేవలేదు గానీ ఇద్దరికీ చెమటలు పట్టించాడు. తిప్పు, దింపు, అది కాదు దాని పక్కది, మూల కలుపు, నీకు కళ్ళున్నాయా. రాజులమ్మ గుమ్మంలో నిలబడి, "మనిసికి జబ్బన్నారు, ఎక్కడా?" అంది. చివరి పెట్టె ఎక్కాక తారకేశ్వరరావు దొంతరని భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు. మధ్యలో చిన్న కిటికీ ఉంది.

ఫోనులో బొమ్మ తేటగా ఉంది.

"ఎలక దూరితే?" అంది రెబెక్కా, ఊరికే.

లాజరు ఆ సందుకేసి చూశాడు. "అది ఎలక కోసం ఒగ్గింది కాదు. నువ్వు రాడానికి ఒగ్గినాను," అన్నాడు. అందరి ముందూ అనేశానని గుర్తొచ్చి తారకేశ్వరరావుకి మంచినీళ్ళిమ్మని గట్టిగా కేక వేశాడు.

ఆ సాయంత్రం ప్రార్థన కొంచెం పొడుగైంది. ఆమె అతని పేరెత్తింది, అతను ఆమె పేరెత్తి, కొత్త మేస్త్రికి ఓపికనిమ్మని కూడా అడిగాడు. శనివారం పొద్దున్న రెబెక్కా కూర్మయ్యగారి గదిలోకెళ్ళి, "సేత్తానండి," అంది.

తర్వాతి నెల ఐదో తారీకున, పదింటికి, గ్రేడింగ్ హాల్లో ముప్పై మంది ఆడవాళ్ళు వంచిన తల ఎత్తకుండా పప్పు ఏరుతున్నారు. మేస్త్రి రెబెక్కా బల్లల మధ్య తిరుగుతోంది. పెట్టెలొచ్చే రోజని ఆమెకి తెలుసు. చెయ్యి మాటిమాటికీ ఫోను మీదకి పోతోంది. తీయాలంటే భయం. చివరికి కిటికీ పక్కకెళ్ళి నొక్కింది. చక్రం తిరిగింది.

ఒక్కసారే తిరిగింది. గది కనబడింది. లాజరు కుర్చీలోనే ఉన్నాడు. రాజులమ్మ అల్లుడు పెట్టె ఎత్తుకుని నిలబడ్డాడు. కంగారులో ఆమె బొటనవేలు ఏం నొక్కిందో, ఫోను గొంతు ఒక్కసారి పెద్దదైపోయి లాజరు కేక హాలంతా మోగింది.

"నడిమిన ఒగ్గండ్రా! జానెడు ఒగ్గండి! మా మేస్త్రి సూత్తన్నాది!"

ముప్పై తలలు ఒకేసారి లేచాయి. ఉమామహేశ్వరి బద్దల కుప్పలో గుండు పడేసి నోరు వెళ్ళబెట్టింది. "ఎవురమ్మా అది?"

రెబెక్కాకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఫోను కొంగులో దాచుకుని, మేస్త్రి గొంతు తెచ్చుకుంది.

"మా ఆయన. పనిలో ఉన్నాడు. మీరూ పని సూడండి."